అతిధ్వని అతుకు యంత్రము – మా అనుభవము

విడివిడిగా ఉన్నవానిని ఒకటిగా కలుపుట మానవుడు నేర్చిన తొలి విద్యలలో ఒకటి. మన అడవి అంచు గ్రామములలో అడ్డాకులను సన్నని పుల్లలతో కుట్టి విస్తరులు చేయు తల్లులు, ఇనుమును ఎర్రగా కాల్చి సుత్తిదెబ్బలతో కలుపు కమ్మరి, టంకముతో పాత్రలకు మాట్లు వేయువాడు, సూది దారములతో బట్టను కుట్టు దర్జీ – వీరందరును అతుకు విద్య తెలిసినవారే. అయితే ఈ విద్యలలో చాలవాటికి నడుమ మూడవ వస్తువు ఒకటి కావలెను. పుల్ల గాని, టంకము గాని, దారము గాని లేనిదే అతుకు లేదు. లేదా నిప్పు కావలెను. దారము లేక, జిగురు లేక, నిప్పు లేక, చెవికి వినరాని ధ్వనితో రెండు పొరలను ఒక్క క్షణములో ఒకటి చేయు యంత్రమును గూర్చి మన కళాశాల సంచికలో నాలుగు మాటలు వ్రాయుటకు మేము సాహసించుచున్నాము.

ఈ వ్యాసములో ‘మేము’ అనునది గౌరవార్థము వాడిన మాట కాదు. మేము నిజముగనే ఇద్దరము. ఈ కళాశాలలో ఒకరము ఉర్దూ మాధ్యమమునను, మరొకరము తెలుగు మాధ్యమమునను చదివినవారము. ఇప్పుడు వేంసూరులో ఒక రేకుల కొట్టములో నడచు సంచుల తయారీ కేంద్రమున యంత్రములు చూచుకొనుచున్నాము. సత్తుపల్లి బొగ్గు గనులు ఒక వైపు, అశ్వారావుపేట పామాయిలు తోటలు మరొక వైపు, నడుమ మామిడి తోటలు గల ఈ ప్రాంతములో అతిధ్వని యంత్రమా అని పాఠక మిత్రులు ఆశ్చర్యపడవచ్చును. అది వచ్చిన కథ చిన్నదే.

2020 మార్చిలో కరోనా వ్యాధి కారణముగా దేశమంతయు మూతపడినప్పుడు ముఖమునకు కట్టుకొను మాస్కు అన్నముతో సమానమైనది. దుకాణములలో అమ్మిన మూడు పొరల మాస్కులలో బట్ట నేసినది కాదు; పాలీప్రొపిలీన్ పోగులను ఒత్తి చేసినది. దాని చెవి తాళ్లను సూదితో కుట్టరు. చిన్న అతిధ్వని యంత్రముతో చుక్కవలె నొక్కి అతికింతురు. మా కొట్టములోని మొదటి యంత్రము ఆ పనికే వచ్చినది. వ్యాధి తగ్గి మాస్కుల గిరాకీ పోయిన పిదప, అదే విద్యతో పనిచేయు పెద్ద యంత్రము వచ్చినది. పలుచని పాలిథిన్ సంచులపై కేంద్ర ప్రభుత్వ నిబంధనలు 2021 నుండి బిగిసినవి గదా! అప్పటినుండి పెండ్లిండ్ల తాంబూలపు సంచులకు, బట్టల దుకాణముల సంచులకు ఈ నేయని బట్టయే ఆధారమైనది. ఇది చూచుటకు బట్టవలె ఉన్నను ప్లాస్టిక్కే. చదరపు మీటరుకు 60 గ్రాములకు తక్కువ బరువు గల బట్టతో ఇట్టి సంచులు చేయరాదని 2021 సెప్టెంబరు 30 నుండి నిబంధన కలదు. మా కొట్టములో ఈ సంచులకు పిడులు అతుకు పని ముఖ్యమైనది.

ఇక యంత్రము సంగతి. మానవుని చెవి సెకనుకు సుమారు 20 నుండి 20,000 కంపనముల వరకు వినగలదని మనము భౌతికశాస్త్రములో చదివినాము. వయస్సు పెరిగినకొలది ఆ పై హద్దు తగ్గును. అంతకు మించినవి అతిధ్వనులు. సందెవేళ మన పెరళ్లలో పురుగులను పట్టుకొను చిన్న గబ్బిలములు ఈ ధ్వనులతోనే దారి తెలిసికొనును. వీనిని యంత్రముతో పుట్టించుటకు మూలమైన సత్యమును 1880లో ఫ్రాన్సు దేశమున జాక్ క్యూరీ, పియరీ క్యూరీ సోదరులు కనుగొన్నారు. క్వార్ట్‌జ్ వంటి కొన్ని స్ఫటికములను నొక్కినచో విద్యుత్తు పుట్టును. మరుసటి సంవత్సరమే దీనికి విపర్యయము కూడ నిరూపింపబడినది: ఆ స్ఫటికమునకు విద్యుత్తు నిచ్చినచో అది సాగి ముడుచుకొనును. మన వంట ఇండ్లలో గ్యాసు పొయ్యి వెలిగించుటకు టక్కున నొక్కు లైటరులో నిప్పురవ్వ పుట్టుటకు కారణము, నొక్కినచో విద్యుత్తు పుట్టు ఆ మొదటి గుణమే. మొదటి ప్రపంచ యుద్ధ కాలమున పాల్ లాంజివిన్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఈ స్ఫటికమును ఉక్కు పలకల నడుమ ఇరికించి, నీటి అడుగున జలాంతర్గాములను కనిపెట్టుటకు ధ్వనిని పంపినాడు. ప్లాస్టిక్కును ఈ ధ్వనితో అతుకు పద్ధతికి అమెరికాలో రాబర్ట్ సోలాఫ్, సీమోర్ లిన్స్‌లీ అనువారికి 1965లో పేటెంటు లభించినది. యుద్ధమున పుట్టిన విద్య తుదకు పెండ్లి సంచికి పిడిగా మారినదన్నమాట.

మా యంత్రములో నాలుగు అంగములు కలవు. మొదటిది విద్యుత్ సరఫరా పెట్టె. పుస్తకములలో దీనిని జనరేటరు అందురు గాని, డీజిలు జనరేటరుతో కలగాపులగము కాకుండుటకు మా కొట్టములో అందరును ‘బాక్సు’ అనియే పిలుతురు. రెండవది కన్వర్టరు. ఇందులో సీసము, జిర్కోనియము, టైటానియము కలిసిన పింగాణి వంటి బిళ్లలను లోహపు ముక్కల నడుమ బోల్టుతో బిగించి ఉంచుదురు. మూడవది బూస్టరు, నాలుగవది హారను. లారీ హారను ఊరంతయు వినబడును; ఈ హారను మాత్రము సరిగా ఉన్నంతకాలము గట్టిగా నోరు విప్పదు. హారను క్రింద దాగలి ఉండును. బట్టను దాగలిపై పెట్టి కాలితో పెడలు నొక్కినచో, గాలి పీడనముతో హారను దిగి బట్టను ఒత్తి పట్టి కంపించును. పోగులు ఒకదానితో ఒకటి రాసుకొని ఆ చోటనే కరిగి, కంపనము ఆగిన వెంటనే గట్టిపడును.

బాక్సు చేయు పని వినుటకు సులభమే. ఇంటిలో వచ్చు 230 వోల్టుల, 50 హెర్ట్‌జ్ విద్యుత్తును అది మొదట ఏకముఖ విద్యుత్తుగా మార్చి, పెద్ద కెపాసిటర్లలో సుమారు 325 వోల్టుల వద్ద నిలువచేయును. ఆ పిదప ట్రాన్సిస్టర్ల జట్టు దానిని సెకనుకు 20,000 సారులు అటునిటు మార్చును. ట్రాన్స్‌ఫార్మరు దానిని వేయి వోల్టులు, ఒక్కొక్కప్పుడు అంతకు మించి పెంచి, మందపాటి కేబులు ద్వారా కన్వర్టరునకు పంపును. కన్వర్టరు ముఖము అప్పుడు ముందునకు వెనుకకు కదలు దూరము మిల్లీమీటరులో సుమారు యాబదవ వంతు మాత్రమే; తల వెంట్రుక మందములో మూడవ వంతు కూడ కాదు. బూస్టరు, హారను ఆ కదలికను పెంచును.

ఇచ్చట విద్యార్థి మిత్రులు ఒక చిన్న లెక్క చేసి చూడవలెను. అల్యూమినియములో గాని, టైటానియములో గాని ధ్వని వేగము సెకనుకు సుమారు 5,000 మీటర్లు. దానిని 20,000 చే భాగించినచో తరంగదైర్ఘ్యము 25 సెంటీమీటర్లు. అందులో సగము పన్నెండున్నర. మా కన్వర్టరు, బూస్టరు, హారను – మూడును ఇంచుమించు జానెడు లోపు పొడవుగా ఉండుటకు కారణము ఇదే. ప్రయోగశాలలో శ్రుతిదండము పట్టుకొని, గొట్టములోని నీటిని పైకి క్రిందికి జరుపుచు అనునాదమును వెదకిన దినములు మీకు జ్ఞాపకముండును. ఆ గొట్టమే ఇక్కడ లోహముగా మారినది. గాలిస్తంభము పొడవు మారిన అనునాదము తప్పినట్లు, ఈ లోహఖండముల పొడవు గాని, బిగువు గాని, వేడి గాని మారినచో వాని సహజ పౌనఃపున్యము మారును. బాక్సు నిరంతరము ఆ పౌనఃపున్యమును వెంబడించుచుండును. కొంత దూరము వరకు వెంబడింపగలదు. హద్దు దాటినప్పుడు తన ట్రాన్సిస్టర్లను కాపాడుకొనుటకు ఆగిపోయి, ముఖముపై ఎర్రదీపము వెలిగించును. దాని క్రింద ‘ఓవర్‌లోడు’ అని వ్రాసి ఉండును.

మేము చెప్పదలచిన మాట అంతయు ఈ ఎర్రదీపమును గూర్చియే. దీపము బాక్సుపై వెలుగును. కనుక చూచిన ప్రతివాడును బాక్సు చెడినదనును. లేదా పెడలు నొక్కిన మనిషి చెడగొట్టెననును. మా అనుభవములో దోషము వెలిగిన చోటనే పుట్టుట అరుదు. కడుపులో జబ్బునకు నాలుక పాచిపట్టును. నాలుకకు మందు పూసిన ఏమి ప్రయోజనము?

దినచర్యగా మేము చేయు పని మొదట వివరింతుము. ఉదయము బాక్సు వెనుక పంకా తిరుగుచున్నదా, గాలి పోవు జాలిలో బట్ట నూగు చేరినదా అని చూతుము. నేయని బట్ట నూగు దూదివలె జాలిని మూసివేయును; లోపల వేడి పెరుగును. అటుపిమ్మట దాగలిపై ఏమియు లేకుండ, హారను దేనికిని తగులకుండ, పరీక్ష బొత్తామును ఒకటి రెండు సెకనులు మాత్రమే నొక్కుదుము. దీనిని ‘గాలి పరీక్ష’ అని పిలుచుకొందుము. బరువు లేనప్పుడు శక్తిమాపకపు ముల్లు కొద్దిగా మాత్రమే లేవవలెను. ఆ అంకెను ఒక నోటుపుస్తకములో వ్రాయుదుము. ఆరోగ్యముగా ఉన్న దినమున నాడి ఎంతయో తెలియనివాడు జ్వరము వచ్చిన దినమున నాడి పట్టి ఏమి తెలిసికొనగలడు?

దోషము వచ్చినప్పుడు మేము పాటించు క్రమము ఇది. మొదట గోడ వద్ద చూడవలెను. మల్టీమీటరుతో యంత్రము ఆగి ఉన్నప్పుడు కాక, నడచుచుండగా వోల్టేజి కొలువవలెను. మా కొట్టమునకు తీగ వచ్చు దారిలోనే పొలముల మోటార్లు ఉన్నవి. నాట్ల కాలములో తెల్లవారుజామున మోటార్లన్నియు ఒక్కసారి లేచినప్పుడు వోల్టేజి పడిపోవుట, బాక్సు అలిగి ఆగుట మేము పలుమార్లు చూచినాము. తొమ్మిది గంటలకు చూడ వచ్చిన మెకానిక్కుకు మాత్రము ఏ దోషమును కనబడదు! స్టెబిలైజరు పెట్టిన పిదప ఆ బాధ తీరినది. ఫ్యూజు పోయినచో అదే అంకె గల ఫ్యూజు వేయవలెను గాని, రాగి తీగ చుట్టి పని జరుపుకొనుట ఇల్లు తగలబెట్టుకొనుటయే. భూమి తీగ ఉన్నదో లేదో తప్పక చూడవలెను.

రెండవది గాలి పరీక్ష. గాలిలో బాగుగా నడచి, బట్ట పెట్టినప్పుడే ఎర్రదీపము వెలిగినచో, బాక్సు మంచిదనియే ముప్పాతిక నమ్మవచ్చును. అప్పుడు గాలి పీడనము ఎక్కువైనదా, బట్ట మడతలు పెరిగినవా, హారను బట్ట దాటి దాగలి లోహమునకు తగులుచున్నదా అని చూడవలెను. లోహము లోహమునకు తగులుట ఈ యంత్రమునకు విషము.

గాలిలోనే దీపము వెలిగినచో మూడవ మెట్టు: విడదీయుట. విద్యుత్తు తీసివేసి, హారనును విప్పి, మిగిలిన కన్వర్టరు బూస్టరులను మాత్రము పరీక్షింపవలెను. ఇప్పుడు నడచినచో దోషము హారనులోనో, దాని అతుకు ముఖములోనో ఉన్నది. నడువనిచో బూస్టరును కూడ విప్పి చూడవలెను. అప్పటికిని నడువనిచో మంచిదని తెలిసిన మరొక కన్వర్టరును, మరొక కేబులును మార్చి చూడవలెను. అవి మార్చినను దీపము వెలిగిననే బాక్సును అనుమానింపవలెను. అనగా బాక్సు వంతు కడపటిది. మన జనులు మొదట తెరచునది అదియే. ఒక్కొక్క మెట్టున ఒక్క వస్తువునే మార్చవలెను. రెండు కలిపి మార్చినవానికి యంత్రము బాగుపడవచ్చును గాని, ఎందువలన బాగుపడినదో ఎన్నటికిని తెలియదు.

విప్పిన ముఖములను చూచుట ఒక విద్య. రెండు ముఖములు సరిగా ఒరసికొని ఉన్నచో అద్దమువలె శుభ్రముగా ఉండును. బిగువు తగ్గినచో నల్లని మచ్చలు పడును. వానిని మెత్తగా శుభ్రము చేసి, చెప్పిన కొలతకు టార్కు పానాతో బిగింపవలెను. కన్వర్టరు ఒంటిని వైసులో పట్టి మెలిపెట్టరాదు. లోపలి బిళ్లలు పగులును. కేబులు కొనలో మసి పట్టుట, వర్షకాలమున తేమ చేరుట కూడ మేము చూచినాము. ఒకసారి బాక్సులోపల బల్లి ఒకటి రెండు తీగల నడుమ ప్రాణము విడిచి, తనతోపాటు ఒక ఫ్యూజును కూడ తీసికొనిపోయినది. అడవి అంచున ఉండు యంత్రములకు ఇట్టి వ్యాధులు పుస్తకములలో ఉండవు.

ఇచ్చట ఒక హెచ్చరిక. విద్యుత్తు తీసివేసిన పిదప కూడ బాక్సులోని కెపాసిటర్లలో ప్రాణము తీయగల విద్యుత్తు నిలిచియుండును. తగినంత సేపు ఆగి, మీటరుతో కొలిచి, శూన్యమని నిశ్చయించుకొననిదే లోపల వ్రేలు పెట్టరాదు. ఆ పని నేర్చినవారి దగ్గర నేర్చినవారే మూత తెరువవలెను. విప్పి బల్లపై పెట్టిన కన్వర్టరును కూడ నమ్మరాదు. దెబ్బ తగిలినను, వేడి మారినను ఆ బిళ్లలు తమంతట తామే విద్యుత్తును పుట్టించుకొనును. కనుక దాని కొనలను తీగతో కలిపి ఉంచవలెను. కంపించుచున్న హారనును చేతితో తాకరాదు.

ఇక మా మనస్సులో నాటుకొన్న సంఘటన. ఒక మాఘమాసమున పెండ్లి సంచుల పని ముమ్మరముగా ఉన్న రోజులలో పిడులు అతుకు యంత్రము గడియకొకసారి ఎర్రదీపము వెలిగించి ఆగసాగినది. అతుకులు వదులై సంచులు వ్యర్థమగుచుండెను. ఆ యంత్రముపై పనిచేయుచున్నది అడవి వైపు గూడెము నుండి వచ్చు ఒక అమ్మాయి. పదవ తరగతి చదివి ఇంటి పరిస్థితి వలన ఆగిపోయినది. ఆమె పెడలును మోటుగా తొక్కుటచేతనే బాక్సు చెడెనని కొట్టములో మాట పుట్టినది. పాడైన సంచుల ఖర్చు ఆమె కూలిలో కోయుట మొదలైనది. పట్టణము నుండి వచ్చిన ఒక మెకానిక్కు అరగంటలో బాక్సు మూత తెరచి మూసి, ఇది పనికిరాదు, కొత్తది కొనవలెనని చెప్పి వెడలినాడు. కొత్త బాక్సు వెల విని యజమాని ముఖము వాడిపోయినది. ఆ కోపమంతయు మరల ఆ అమ్మాయి మీదికే మళ్లినది.

మేము ఆమెను అడిగినాము: “చెల్లీ, ఆగిపోయే ముందర నీకేమన్నా తేడా కనబడిందా?”

ఆమె తల వంచుకొని చెప్పినది: “కనబడలేదన్నా, వినబడింది. నాలుగు రోజులబట్టి కీచుమంటా ఉంది. మొదట సన్నగా కూసేది, ఇప్పుడు చెవుల్లో పొడిచినట్టుంది. చెప్పాను గానీ, మిషనన్నాక చప్పుడు చెయ్యదా అన్నారు.”

ఈ మాటకు ఎంత విలువ కలదో భౌతికశాస్త్రము చదివినవారికి చెప్ప నక్కరలేదు. వినరాని ధ్వనితో నడువవలసిన యంత్రము వినబడునట్లు కూయుచున్నదనగా, ఎచ్చటనో ఒక భాగము తన శ్రుతి తప్పి వేరొక పౌనఃపున్యమున కంపించుచున్నదని అర్థము. మీటర్లకంటె ముందు ఆ దోషమును పట్టుకొన్నది ఆ అమ్మాయి చెవి.

ఆ సాయంకాలము పని ఆగిన పిదప యజమాని ఎదుటనే పరీక్షకు పూనుకొన్నాము. మోటార్లు నడచుచుండగా వోల్టేజి కొలిచినాము, సరిగనే ఉన్నది. దాగలిపై ఏమియు లేకుండ గాలి పరీక్ష చేసినాము. ముల్లు పైకెగసి దీపము వెలిగినది. పెడలును ఎవరును తొక్కలేదు, బట్ట లేదు, ఆ అమ్మాయి దూరముగా గోడకు ఆనుకొని నిలుచున్నది. అయినను దీపము వెలిగినది. మేము మాటలతో వాదింపలేదు. యంత్రమే సాక్ష్యము చెప్పినది. తరువాత హారనును విప్పి మిగిలినవానిని పరీక్షించినాము. ముల్లు ఒద్దికగా నిలిచినది. బాక్సు నిర్దోషి, కన్వర్టరు నిర్దోషి, కేబులు నిర్దోషి.

మిగిలినది అల్యూమినియపు హారను. కంటికి అది నిక్షేపముగా కనబడినది. మాకు లేతు పని నేర్పిన వృద్ధ ఉస్తాదును పిలిపించినాము. ఆయన దానిని దారముతో వ్రేలాడదీసి, స్క్రూడ్రైవరు పిడితో మెల్లగా తట్టినాడు. సంతలో కుండ కొనువారు మునివేళ్లతో కొట్టి చూచినట్లే! బూస్టరును తట్టగా గంటవలె మ్రోగినది; హారను మాత్రము పగిలిన కుండవలె చచ్చు ధ్వని చేసినది. “బేటా, దీని గుండె పగిలింది” అన్నాడాయన. అయినను చెవి సాక్ష్యము చాలదని మేము హారనును కిరోసినులో ముంచి, బాగుగా తుడిచి, పలక మీద వ్రాయు సుద్దముక్కను పొడిచేసి పూసినాము. కొంతసేపటికి తెల్లని సుద్దపై, మూల గాడి వద్ద, వెంట్రుకవంటి చెమ్మ గీత ఒకటి తేలినది. పగులులో దాగిన కిరోసినును సుద్ద బయటకు లాగినది. యజమాని కళ్లద్దములు పెట్టుకొని చాలసేపు ఆ గీతను చూచినాడు.

కోట్లకొలది సారులు సాగి ముడుచుకొన్న లోహము అలసిపోవును. దానిని లోహపు అలసట అందురు. ఆ పగులు కాలి తొక్కుడువలన వచ్చినది కాదు. ఆ పెడలు గాలి కవాటమును తెరచునే గాని, ఎంత బలముగా తొక్కినను హారనుపై ఒత్తిడిని పెంచదు. పగులును వెల్డింగు చేసి సరిపెట్టవచ్చునా అని యజమాని అడిగినాడు. అతికిన చోట లోహము తీరు మారును, శ్రుతి మరల తప్పును, ఈసారి నిజముగనే బాక్సు కాలవచ్చునని ఉస్తాదు వివరించినాడు. తీగ తెగిన వీణకు ముడి వేసి వాయింపలేము గదా! 20,000 హెర్ట్‌జ్‌కు శ్రుతిచేసిన కొత్త హారనును తెప్పించినాము. కొత్త బాక్సు వెలతో పోల్చినచో అది చిన్న మొత్తమే.

యజమాని మంచివాడనియే చెప్పవలెను. మరుసటి శనివారము కూలి పంచునప్పుడు కోసిన డబ్బు అంతయు ఆ అమ్మాయి చేతిలో పెట్టినాడు. “మనసులో పెట్టుకోకమ్మా” అన్నాడు. ఆమె డబ్బు లెక్కపెట్టుకొని, “ఇంకోసారి మిషను కూస్తే చెప్తాను, వినండి సారూ” అని మాత్రము అన్నది. అప్పటినుండి ఉదయపు గాలి పరీక్ష ఆమె పనియే. నోటుపుస్తకములో మాలో ఒకరము ఉర్దూలోను, ఒకరము తెలుగులోను వ్రాయుచుంటిమి. ఇప్పుడు మూడవ చేతివ్రాత చేరినది. ‘చప్పుడు’ అని ఆమె తానుగా ఒక గడి గీసినది. అది మాకు తోచలేదు. భాషలు వేరైనను అంకెలు మా అందరికిని ఒక్కటే గనుక ఆ పుస్తకమును చదువుటకు ఎవరికిని కష్టము లేదు.

ఈ అనుభవము నుండి విద్యార్థి మిత్రులకు మేము మనవి చేయునది ఒక్కటి. నింద వేయుట సులభము. విడదీసి పరీక్షించుట శ్రమతో కూడినది. దోషము ఎవరిదో తెలియకముందే బలహీనుని మీద త్రోయుట యంత్రశాలలోనే కాదు, ఇంటిలోను, ఊరిలోను మనకు అలవాటైనది. ఒక్కొక్క భాగమును వేరుచేసి, “ఇది లేకపోయినను దోషము నిలుచునా?” అని అడుగు పద్ధతి మనకు శాస్త్రము నేర్పిన న్యాయము. ఆ న్యాయమునకు పెద్ద పరికరములు అక్కరలేదు. మాకు అక్కరకు వచ్చినవి ఒక మల్టీమీటరు, ఒక దారము, కొంత కిరోసిను, ఒక సుద్దముక్క. అన్నిటికంటె ముందు పనిచేయు మనిషి మాటను వినుట.

కళాశాల సంఘ పెద్దలకు వినయపూర్వకముగా ఒక విన్నపము. మన భౌతిక ప్రయోగశాలలో శ్రుతిదండములు, అనునాద గొట్టములు ఉన్నవి. వాని ప్రక్కన ఒక బల్లవేసి, చెడిపోయిన యంత్రములు కొన్నిటిని ఉంచి, శనివారము రెండు గంటలపాటు పిల్లలచే విప్పించి బిగింపించినచో బాగుండును. యంత్రముల వెంట వచ్చు పుస్తకములు ఆంగ్లములో ఉండును. వానిని ఉర్దూ, తెలుగు విద్యార్థులు కలిసి కూర్చుండి తమ భాషలలోనికి మార్చుకొన్నచో రెండు విద్యలు ఒకేసారి అబ్బును. ఆడపిల్లలకు ఆ బల్ల వద్ద చోటు తప్పక ఉండవలెను. మొదటి దినమున చూపుటకై ఆ పగిలిన హారనును మేము పారవేయక దాచియుంచినాము. సుద్ద పూసినచో ఆ గీత ఇప్పటికిని తేలును. పెద్దలు అనుమతించిన దినమున దానిని తెచ్చి ప్రయోగశాలకు సమర్పింతుము.